పరదేశంలో సెమిస్టర్ కాపురం

బాల్టిక్ సముద్రపు ఒడ్డున, స్వీడన్ దక్షిణ కొసన, దీవుల మీద కట్టిన ఊరు కార్ల్‌స్క్రోనా. పదకొండో కార్ల్ అనే రాజు 1680లో తన యుద్ధనౌకల కోసం దాన్ని కట్టించాడు. ఆనాటి ఓడరేవు, వెడల్పాటి వీధులు ఇప్పటికీ నిలిచి ఉన్నందుకు యునెస్కో 1998లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడే ఆ ఊళ్లో, బస్టాపు దగ్గర "ఏం అబ్బీ, ల్యాబు అయిపాయనా?" అని ఎవరైనా పలకరిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. అక్కడున్న బ్లెకింగె సాంకేతిక విశ్వవిద్యాలయం తెలుగు ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏళ్లుగా తెలిసిన చిరునామా. పొడవాటి పేరెందుకని అందరూ బీటీహెచ్ అనేస్తారు.

1989లో మొదలైన ఈ వర్సిటీకి మన జేఎన్‌టీయూలతో ఒప్పందం ఉంది. చదువులో కొంత ఇక్కడ, మిగిలిన సెమిస్టర్లు అక్కడ పూర్తిచేసి రెండు డిగ్రీలు అందుకునే ఏర్పాటు అది. హైదరాబాద్, కాకినాడలతో పాటు అనంతపురం జేఎన్‌టీయూ కూడా ఆ దారి వేసింది. కర్నూలు జి.పుల్లారెడ్డి, కడప కె.ఎస్.ఆర్.ఎం. లాంటి కాలేజీలకు అనంతపురమే పెద్ద దిక్కు. 2006లో మొదలైన పులివెందుల ఇంజినీరింగ్ కాలేజీ ఆ వర్సిటీ సొంతదే. అలా ఎండల సీమకూ బాల్టిక్ చలికీ లంకె కుదిరింది. 2011 దాకా స్వీడన్‌లో విదేశీయులకు కూడా ట్యూషన్ ఫీజు ఉండేది కాదు. ఆ ఏడాది శరదృతువు సెమిస్టర్ నుంచి ఐరోపా బయటి వాళ్లకు ఫీజు పెట్టారు. దానితో ఉచితంగా చదువుకోవచ్చని బయల్దేరే గుంపు పల్చబడింది గానీ దారి మూతపడలేదు.

ఒక్క సెమిస్టర్ కోసమో, రెండు సెమిస్టర్ల కోసమో వెళ్లేవాళ్ల అవస్థ, రెండేళ్ల ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్ల అవస్థ ఒకటి కాదు. ఎమ్మెస్ విద్యార్థికి మొదటి రెండు నెలలు వృథా అయినా తర్వాత సర్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. సెమిస్టర్ విద్యార్థికి ఉండేది 20 వారాలు. స్వీడన్ లెక్కలో ఒకటిన్నర క్రెడిట్ అంటే వారం పూర్తి చదువు. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. అది కూడా రెండు భాగాలు. మొదటి భాగంలో రెండు కోర్సులు నడిచి పరీక్షలు అయిపోతాయి, వెంటనే రెండోది మొదలవుతుంది. మన పండగల్లో చెప్పాలంటే వినాయక చవితి ప్రాంతంలో దిగినవాడికి దీపావళి వచ్చేసరికి సగం చదువు ముగిసిపోతుంది. సంక్రాంతికి అంతా అయిపోతుంది. అందులో మొదటి నెల గది వెతుక్కోవడానికీ, సిమ్ కార్డుకీ, జలుబుకీ పోతే మిగిలేదెంత?

రాయలసీమ పిల్లలకు ఇల్లు విడవడం కొత్త కాదు. పది పాసవగానే విజయవాడకో, హైదరాబాదుకో, తిరుపతికో ఇంటర్ హాస్టల్‌కు పంపేయడం కర్నూలు, కడప జిల్లాల్లో రివాజు. ఇడుపులపాయలోని రాజీవ్ గాంధీ ట్రిపుల్ ఐటీ 2008 నుంచి పదో తరగతి ముగిసిన పిల్లల్ని ఆరేళ్ల చదువుకు తీసుకుంటోంది. కాబట్టి వీసా స్టాంపు పడేనాటికే చాలామంది ఐదారేళ్లు అమ్మానాన్నలకు దూరంగా గడిపినవాళ్లే. "మావాడు హాస్టల్లో పెరిగినాడు, యాడైనా బతుకుతాడు" అని నాన్న ధీమా. తిరకాసంతా ఆ ధీమాలోనే ఉంది. మన హాస్టల్లో బెల్లు కొడితే లేవాలి, బెల్లు కొడితే తినాలి, స్టడీ అవరని చెబితే కూర్చోవాలి. అన్నం ఎవరో వండుతారు, కరెంటు బిల్లు ఎవరో కడతారు, జ్వరమొస్తే వార్డెన్ ఇంటికి ఫోన్ చేస్తాడు. ఇంటికి దూరంగా ఉండటం నేర్పింది ఆ హాస్టలు. ఇల్లు నడపడం మాత్రం నేర్పలేదు. పరదేశంలో కావలసింది ఆ రెండోదే.

బయల్దేరడం దగ్గర్నుంచే ఆ పాఠం మొదలు. వీసా కోసం ఖాతాలో చూపించాల్సిన డబ్బు సంగతి తీసుకుందాం. స్వీడన్ నివాస అనుమతికి నెలకు పది వేల క్రోనర్ల పైచిలుకు లెక్కన, ఉండబోయే నెలలన్నిటికీ సొమ్ము చూపాలి. క్రోనా విలువ ఎనిమిది, తొమ్మిది రూపాయల చుట్టూ తిరుగుతుంటుంది. జర్మనీకైతే బ్లాక్డ్ అకౌంట్ అని ఒకటుంది. ఏడాదికి సరిపడా 11,904 యూరోలు ముందే జమ చేస్తే, అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున చేతికొస్తాయి. 2024 సెప్టెంబరులో పెంచిన లెక్క అది. ఈ సొమ్ముకు బ్యాంకు లోనే దిక్కు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు చాలావరకు ఆస్తి తనఖా అడుగుతాయి, వ్యవసాయ భూమిని బ్యాంకులు సాధారణంగా తనఖాకు ఒప్పుకోవు. కాగితం మీద పదెకరాల మెట్ట ఉన్న రైతు, కర్నూల్లో రెండు సెంట్ల ఇల్లున్న బావమరిది సంతకం కోసం తిరగడం అందుకే.

ఆ తర్వాత పెట్టెలు సర్దే ఘట్టం. కడప ఇళ్లల్లో ఇదొక చిన్న పెళ్లి హడావుడి. శెనక్కాయల పొడి, నువ్వుల పొడి, ఎర్రకారం, గోంగూర పచ్చడి, ఎండు మిరపకాయలు, కొర్రలు. పొడులు, పచ్చళ్లు చాలావరకు దాటిపోతాయి. దాటనివేమిటో తెలుసుకోకుండా సర్దితే విమానాశ్రయంలో చెత్తబుట్ట పాలే. ఐరోపా సమాఖ్య దేశాల్లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తీసుకెళ్లడానికి వీల్లేదు. అంటే అమ్మ చేసిన వేటమాంసం పచ్చడీ, నెయ్యి డబ్బా, పాలకోవా మూడూ అవుటే. అమెరికాకు వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు. ధాన్యంలో దూరే ఖాప్రా అనే పురుగు భయంతో, అది ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం, శెనగలు తేవడాన్ని అక్కడ నిషేధించారు. భారతదేశం ఆ జాబితాలో ఉంది. కర్నూలు సోనా బియ్యం మీద మమకారంతో ఐదు కిలోలు కుక్కితే ఆ బరువు దండగ. డాలస్‌లో అయినా, న్యూజెర్సీలో అయినా ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి బస్తాలు పేర్చి ఉంటాయి.

చలికోట్లు కూడా ఇక్కడ కొనకూడని జాబితాలోనివే. కర్నూల్లో దొరికే జాకెట్టు నల్లమల రాత్రికి సరిపోతుంది, బాల్టిక్ గాలికి కాదు. స్వీడన్‌లో సెకండ్ హ్యాండ్ దుకాణాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. అక్కడ కొనడం నామోషీ కాదు, డాక్టర్లూ ప్రొఫెసర్లూ కొంటారు. కోట్లు, గిన్నెలు, సైకిలు అన్నీ దొరుకుతాయి.

కర్నూలు వాళ్లు హైదరాబాద్ శంషాబాద్ నుంచి, కడప వాళ్లు ఎక్కువగా చెన్నై లేదా బెంగళూరు నుంచి విమానం ఎక్కుతారు. కర్నూలు దగ్గరి ఓర్వకల్లులో 2021 మార్చిలో, కడపలో 2015లో విమానాలు మొదలయ్యాయి గానీ పరదేశానికి మాత్రం ఇంకా పక్క నగరాలే గతి. కార్ల్‌స్క్రోనా వెళ్లేవాళ్లు ఏ దోహాలోనో దుబాయ్‌లోనో మారి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో దిగడం మామూలు. అక్కడి విమానాశ్రయంలోనే రైలెక్కితే, 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీదుగా సముద్రం దాటి స్వీడన్‌లోకి తీసుకెళ్తుంది.

దిగాక మొదటి దెబ్బ చలి కొడుతుందనుకుంటారు. నిజానికి కొట్టేది ఒక నంబరు. స్వీడన్‌లో ప్రతి మనిషికీ పన్నుల శాఖ ఇచ్చే వ్యక్తిగత సంఖ్య ఒకటుంటుంది. మన ఆధార్ కన్నా లోతుగా అది బతుకులో అల్లుకుపోయింది. బ్యాంకు ఖాతా, ఫోన్‌లో గుర్తింపు, డాక్టరు అపాయింట్‌మెంటు, జిమ్ము, సూపర్‌మార్కెట్ సభ్యత్వం అన్నిటికీ అదే అడుగుతారు. అయితే ఏడాది, అంతకు మించి ఉండబోయేవాళ్లకే అది ఇస్తారు. ఒక్క సెమిస్టర్‌కు వచ్చినవాడికి రాదు. దేశమంతా స్విష్ అనే ఫోన్ చెల్లింపులో నడుస్తుంటే అతను మాత్రం కార్డు పట్టుకుని తిరగాలి. ఫోన్‌పే లేకుండా మిర్చి బజ్జీ కూడా కొనని కుర్రాడికి ఇది పెద్ద అవమానంలా తోస్తుంది. బస్సులో నగదు చెల్లదు, చాలా దుకాణాల్లోనూ చెల్లదు. అందుకే అంతర్జాతీయంగా పనిచేసే ఫారెక్స్ కార్డో, డెబిట్ కార్డో ఇంటి దగ్గరే తీసుకుని, దాని ఓటీపీ వచ్చే భారతీయ నంబరును రోమింగ్‌లో బతికించుకోవడం మొదటి పని. ఎవరూ చెప్పరు గానీ, ఓటీపీ రాక ఆగిపోయిన అద్దె చెల్లింపుల కథలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాయి.

ఏడాది దాటి ఉండే డబుల్ డిగ్రీ విద్యార్థి మాత్రం వారం తిరక్కుండా పన్నుల శాఖలో పేరు నమోదు చేసుకోవాలి. ఆ పని వాయిదా వేసిన కొద్దీ దాని వెనకున్న పనులన్నీ వాయిదా పడతాయి. జర్మనీలో ఇదే పని ఇంకో రూపంలో ఉంది. గదిలోకి చేరిన రెండు వారాల్లోగా మునిసిపల్ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి, ఆ కాగితం చూపందే చాలా పనులు కదలవు. ఆ దేశంలో ఆదివారం దుకాణాలు మూసేస్తారన్న సంగతి శనివారం రాత్రి దిగినవాడికి ఖాళీ కడుపుతో తెలుస్తుంది.

క్లాసులోకి వెళ్తే ఇంకో లోకం. ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవాలి. 1967లో స్వీడన్ వైద్య మండలి పెద్దగా వచ్చిన బ్రోర్ రెక్సెడ్ తన కింది ఉద్యోగులందరినీ పేరుతోనే పిలుస్తానని, తననూ అలాగే పిలవమని ప్రకటించాడు. అప్పటికే మొదలైన మార్పు దానితో దేశమంతా పాకింది. "సార్" అనకుండా నోరు తిరగని కడప కుర్రాడు మొదటి నెలంతా ప్రొఫెసర్‌ను ఏమీ పిలవకుండానే నెట్టుకొస్తాడు. ఈమెయిల్‌లో మాత్రం "రెస్పెక్టెడ్ సర్" అని రాస్తాడు. దాన్ని అక్కడెవరూ తప్పుపట్టరు, నవ్వుకుని ఊరుకుంటారు. దొంగ వినయాన్ని పట్టించుకోని ఆ క్లాసు, దొంగ రాతను మాత్రం క్షమించదు.

మన పరీక్ష పద్ధతి తెలిసిందే. ఆల్ ఇన్ వన్, ఇంపార్టెంట్ క్వశ్చన్లు, పాత పేపర్లు, సీనియర్ రికార్డు చూసి రాసిన రికార్డు. రికార్డు కాపీ కొట్టడం తప్పని మన ల్యాబుల్లో ఎవరికీ అనిపించదు. మార్జిన్ నీటుగా గీస్తే మార్కులేసే చోట అనిపించడానికి ఆస్కారమూ లేదు. అదే చేత్తో అక్కడ అసైన్‌మెంట్‌లో నాలుగు పేరాలు ఆధారం చెప్పకుండా అతికిస్తే కథ క్రమశిక్షణ మండలికి వెళ్తుంది. స్వీడన్ నిబంధనల ప్రకారం విద్యార్థిని ఆరు నెలల దాకా సస్పెండ్ చేయొచ్చు. ఐదు నెలల సెమిస్టర్‌కు వచ్చినవాడిని ఆరు నెలలు పక్కన పెట్టారంటే మిగిలేది రిటర్న్ టికెట్టే. సీమ నుంచి వెళ్లేవాళ్లకు ఇంగ్లిష్ కన్నా ముందు నేర్పాల్సింది ఆధారాలు చూపించి రాసే పద్ధతి. కన్సల్టెన్సీలు ఎన్ని సెమినార్లు పెట్టినా ఈ ఒక్క ముక్క చెప్పడం అరుదు.

గ్రూపు ప్రాజెక్టులూ అంతే. నలుగురిలో ఒకరు రాసి మిగతా ముగ్గురి పేర్లు చేర్చే మన ఆనవాయితీ చెల్లదు. ఎవరేం చేశారో సమావేశంలో నోటితో చెప్పాలి. నిశ్శబ్దంగా తల ఊపేవాడిని మర్యాదస్తుడు అనుకోరు, పని చేయలేదనుకుంటారు. చాలా వర్సిటీల్లో ఫైనల్ పరీక్షకు గడువులోగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోకపోతే హాల్లోకి రానివ్వరు కూడా. హాల్ టికెట్ కాలేజీయే ఇస్తుందని కూర్చున్నవాడు బయటే నిలబడతాడు. బెల్లు కొట్టే మనిషి లేని చోట ఇలాంటివి ఎదురవుతాయి.

వంటింటి సంగతి విడిగా చెప్పుకోవాలి. విద్యార్థి వసతిగృహాల్లో ఐదారుగురికి ఒక వంటగది. సీమ వంటకు మొదటి శత్రువు పైకప్పుకున్న పొగ పసిగట్టే యంత్రం. నూనె కాగి, ఆవాలు చిటపటమని, ఎండు మిరపకాయ నల్లబడేలోపు అలారం మోగుతుంది. తిరగవాత వేసే ముందు ఎగ్జాస్ట్ పెట్టి, వంటగది తలుపు మూసి, కిటికీ తెరవడం ప్రతి కొత్త విద్యార్థి నేర్చుకునే తొలి సాంకేతిక విద్య. ఉత్తపుణ్యానికి ఫైరింజన్ వస్తే ఆ ఖర్చు విద్యార్థి నెత్తిన పడే చోట్లున్నాయి. ఆ మాట ఒక్కసారి విన్నవాడు మిరపకాయల్ని చాలా మెల్లగా వేయిస్తాడు.

సంగటి మాత్రం ఎక్కడైనా కుదురుతుంది. రాగిపిండి ఇండియన్, ఆఫ్రికన్ దుకాణాల్లో దొరుకుతుంది, పొగ రాదు, అరగంటలో అయిపోతుంది. జొన్నరొట్టె తట్టడం చేతకాకపోయినా సంగటి కెలకడం ఎవరికైనా వస్తుంది. పక్క గది ఇటలీ అమ్మాయి వాళ్లింట్లో మొక్కజొన్న పిండితో ఇలాంటిదే చేసుకుంటారు, పొలెంటా అంటారు. వంటగదిలో కలిసే స్నేహాలు క్లాసులో కలిసే వాటికన్నా గట్టివని అక్కడికెళ్లినవాళ్లు అనే మాట ఉత్తది కాదు.

బట్టలుతికే గది ఇంకో పరీక్ష. స్వీడన్ అపార్టుమెంట్లలో ఉతుకు యంత్రాలు అందరికీ కలిపి ఒకచోట ఉంటాయి. ముందుగా సమయం బుక్ చేసుకోవాలి. తన వంతు దాటి పది నిమిషాలు యంత్రాన్ని వాడుకుంటే తలుపు మీద కోపంగా రాసిన చీటీ కనబడుతుంది. పేరు పెట్టి పిలుచుకునే ఆ సమాజంలో పెద్దవాళ్ల కన్నా గడియారానికి మర్యాద ఎక్కువ.

డబ్బు లెక్క మొదటి నెలంతా వేధిస్తుంది. నలభై క్రోనర్ల కాఫీ ముందు పెట్టుకుని మూడు వందల యాభై రూపాయలని గుండె గుభేలుమంటుంది, ఆ డబ్బుతో కర్నూల్లో ఉగ్గాని బజ్జీ ఎన్ని ప్లేట్లు వస్తుందో లెక్క కడతాడు. ఆ అలవాటు ఎంత తొందరగా పోతే అంత మంచిదని అందరూ సలహా ఇస్తారు. ఆ సలహా సగమే నిజం. సొంత సొమ్ముతో బతికేవాడికి అది సరే. ఇంటి దగ్గర లోను వడ్డీ రూపాయల్లో నడుస్తుంటే గుణకారం మానేయడం ఎలా? కాఫీ కొనేటప్పుడు మానేసి, అద్దె కట్టేటప్పుడు చేయడం మధ్యేమార్గం.

పార్ట్ టైమ్ పని మీద ఆశలు పెట్టుకునేవాళ్లు ఆయా దేశాల నిబంధనలు ముందే చదవాలి. అమెరికాలో ఎఫ్-1 వీసా మీదున్నవాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలు మించకుండా పనిచేయాలి. మొదటి విద్యా సంవత్సరంలో క్యాంపస్ బయట పని కుదరదు. జర్మనీలో 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు. 20 వారాల చదువులో భాష రాని ఊళ్లో పని వెతుక్కోవడానికే సగం కాలం పోతుంది. కష్టపడి చదివినవాళ్ల కథలు మనకు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉపకార వేతనం లేక, ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేసి రోగుల మలమూత్రాల పాత్రలు మార్చాడు. ఆయన తట్టుకున్నాడని ప్రతి పిల్లవాడూ తట్టుకోవాలనడం మాత్రం అన్యాయం. ఖర్చు తగ్గించుకునే దారులు వేరే ఉన్నాయి. ఒప్పందం మీద ఎక్స్ఛేంజికి వెళ్లేవాళ్లకు అవతలి వర్సిటీలో ట్యూషన్ ఫీజు ఉండదు. ఐరోపాలో 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం ఇప్పుడు బయటి దేశాల విద్యార్థులకు కూడా నెలకు 800 నుంచి 900 యూరోలు ఇస్తోంది. తమ కాలేజీకి ఇలాంటి ఒప్పందం ఉందో లేదో అడిగే విద్యార్థులు తక్కువ, నోటీసు బోర్డులో పెట్టే కాలేజీలు ఇంకా తక్కువ.

అక్టోబరు ఆఖరి ఆదివారం ఐరోపాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మనతో తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరుగుతుంది. అప్పటి నుంచి చీకటి తరుముకొస్తుంది. డిసెంబరు మూడో వారంలో కార్ల్‌స్క్రోనాలో పగలు ఏడు గంటలు, అదే రోజు కర్నూల్లో పదకొండు గంటల పైనే. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో పెరిగి, నీడ కోసం వేపచెట్టు వెతుక్కున్న పిల్లలు సూర్యుడి కోసం ఎదురుచూడటం విచిత్రమే. ఆ అక్షాంశంలో చలికాలపు ఎండ ఒంటికి తగినంత విటమిన్ డి ఇవ్వలేదు, చామనఛాయ వాళ్లకు మరీ తక్కువ. ఒళ్లు నొప్పులు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం మొదలైతే హాస్టల్ గదిలో ముసుగుతన్ని పడుకోకుండా వర్సిటీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. స్వీడన్ వర్సిటీల్లో చదివే ఎక్స్ఛేంజి విద్యార్థులకు ప్రభుత్వ సంస్థ ద్వారా స్టూడెంట్ ఇన్ అనే బీమా ఉంటుంది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగేది ఒకటే. "అన్నం తింటివా నాయనా?" తిన్నానంటాడు. అసలు సంగతి చెప్పడు.

ఈ దిగులుకు శాస్త్రవేత్తలు పటాలు గీశారు. కలెర్వో ఒబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగంలో, పరాయి సంస్కృతిలో పడిన మనిషికి మొదట మోజు, తర్వాత చిరాకు, ఆ తర్వాత కోలుకోవడం, చివరికి కుదురుకోవడం అని నాలుగు మెట్లు చెప్పాడు. మరుసటి ఏడాది నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికాలో ఉండొచ్చిన రెండు వందల మంది నార్వే స్కాలర్లను పరిశీలించాడు. ఆరు నెలలలోపు ఉన్నవాళ్లూ, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్లూ బాగానే ఇమిడారట, మధ్యలోవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారట. ఈ లెక్కన సెమిస్టర్ విద్యార్థి మోజు తీరకముందే తిరిగొచ్చేస్తాడు, బెంగ పడే పనే లేదు! అయితే 1998లో కోలీన్ వార్డ్, ఆమె సహచరులు న్యూజిలాండ్‌లో జపాన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఆ పటాన్ని తలకిందులు చేసింది. దిగిన మొదటి రోజుల్లోనే కుంగుబాటు ఎక్కువగా కనబడింది. కర్నూలు, కడప పిల్లల అనుభవానికి ఇదే దగ్గర. మోజు విమానంలోనే తీరిపోతుంది. మొదటి మూడు వారాలే గండం.

ఆ మూడు వారాలు దాటించేది సాటి తెలుగువాళ్లే. గది దొరికేదాకా పరుపు వేసేదీ, మొదటి రోజు అన్నం పెట్టేదీ వాట్సాప్ గ్రూపులో పరిచయమైన సీనియర్ అన్న. తర్వాత చిక్కొస్తుంది. నలుగురు తెలుగువాళ్లు ఒక గదిలో, ఒకే క్లాసులో, ఒకే గ్రూపు ప్రాజెక్టులో చేరితే వినేది తెలుగే, తినేది పప్పన్నమే, చూసేది ఐపీఎల్లే. రెండేళ్లుండేవాడికి అదొక సౌఖ్యం. ఐదు నెలలుండేవాడు స్వీడన్ చూడకుండానే తిరిగొస్తాడు. అందుకని తెలుగువాళ్లను వదులుకోమని కాదు. గది తెలుగువాళ్లతో ఉన్నా ప్రాజెక్టు వేరేవాళ్లతో చేయడం, లేదా అటూ ఇటూ మార్చడం చాలు.

పరాయిచోట కుదురుకున్న కుర్రాడి కథ కడపకు తెలియనిది కాదు. 1820 ఆగస్టులో ఒక 21 ఏళ్ల తెల్ల కుర్రాడు కొత్త ఉద్యోగంలో కడపలో దిగాడు. అంతకుముందు మూడేళ్లు మద్రాసులో తెలుగు చదివి పరీక్ష గట్టెక్కాడు. మన బీటెక్ కుర్రాడు విమానం ఎక్కే వయసే. ఆ ఎండలో, ఆ కారంలో, తన భాష మాట్లాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్న ఊళ్లో అతను తోటి దొరలతో విందులకే పరిమితమై ఉంటే ఈనాడు పేరు కూడా తెలిసేది కాదు. పండితులను ఇంట్లో పెట్టుకుని, సొంత జీతం ఖర్చుపెట్టి తాళపత్రాలు సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు, 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరుతో కడపలో వెలసిన భాషా పరిశోధన కేంద్రం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తోంది. అతనికి అధికారం అండగా ఉందన్న మాట నిజమే, విద్యార్థికి ఆ అండ ఉండదు. అయినా పొద్దస్తమానం స్థానికులతో కూర్చోవడమే అతను చేసిన పని.

ఈ రాకపోకలు ఒకవైపువే కావు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1998 నుంచి విదేశీ విద్యార్థుల కోసం స్టడీ ఇన్ ఇండియా కార్యక్రమం నడుపుతోంది. అమెరికా నుంచి సెమిస్టర్‌కు వచ్చే పిల్లలకు ఉండటానికి ప్రత్యేక వసతి, మొదటి రోజుల్లో ఊరూ పద్ధతులూ పరిచయం చేసే తరగతులు ఉంటాయి. మన జిల్లాల నుంచి వెళ్లేవాళ్లకు ఇక్కడ అలాంటి రెండు రోజుల శిక్షణ పెట్టడం ఏ కాలేజీకీ తలకు మించిన పని కాదు. ఇప్పుడు జరిగేది విమానాశ్రయంలో ఫొటో, కన్సల్టెన్సీ ఫ్లెక్సీ. 2023-24లో అమెరికాలో చదివే విదేశీయుల్లో 3,31,602 మందితో భారతీయులు మొదటి స్థానంలోకి వచ్చినప్పుడు ఫ్లెక్సీలు ఇంకా పెద్దవయ్యాయి.

తిరుగు ప్రయాణంలో కూడా పని ఉంది. జాన్, జీన్ గుల్లాహార్న్ అనే దంపతులు 1963లో చెప్పిన ప్రకారం, ఇల్లు చేరాక మనిషి రెండోసారి కిందా మీదా పడతాడు. కడప వచ్చిన కుర్రాడికి హారన్ల మోత చెవిలో దూరుతుంది, జీబ్రా గీతల మీద ఆగని ఆటో మీద కోపమొస్తుంది, "అక్కడైతే" అని మొదలుపెట్టగానే స్నేహితులు లేచిపోతారు. ఇది రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోనిది క్రెడిట్ల లెక్క. స్వీడన్‌లో వచ్చిన ఎ, బి, సి గ్రేడ్లను ఇక్కడి మార్కుల్లోకి మార్చడానికి అసలు ట్రాన్‌స్క్రిప్ట్, కోర్సుల సిలబస్, వెళ్లకముందు రెండు వర్సిటీలూ సంతకం చేసిన ఒప్పంద పత్రం మూడూ కావాలి. మధ్యలో కోర్సు మార్చుకుంటే ఆ మార్పుకు కూడా ఇక్కడి నుంచి ఈమెయిల్‌లో అనుమతి ఉండాలి. అక్కడి వర్సిటీ ఖాతా మూతపడకముందే ఈ కాగితాలన్నీ దింపుకోవాలి. గది తాళం అప్పగించే రోజు వంటగది పొయ్యి మెరిసేలా తోమకపోతే డిపాజిట్‌లో కోత పడుతుంది. ఆ పొయ్యి మీద నల్లబడిన నూనె మరక ఎవరిదో ఆ అంతస్తులో అందరికీ తెలుసు.